రెండుమార్లు పుట్టిన గాలివాన

పక్షిని మన పూర్వులు ద్విజ మనిరి. మొదట గ్రుడ్డుగా పుట్టి, ఆ గ్రుడ్డు పగిలిన పిమ్మట పిల్లగా మరల పుట్టును గావున దాని కా పేరు కలిగినది. దంతమునకును ఆ పేరే కలదు. పాలపండ్లు రాలిన తావుననే గట్టిపండ్లు మొలచుట మన మందర మెరిగినదే. రెండవ పుట్టువు మొదటిదానికన్న బలమైన దగుట ఈ రెంటియందును చూడవచ్చును. గాలివానలలో సైతము అట్టి ద్విజములు కలవు. ఈ సంగతి తెలిసిన నాటినుండి మబ్బు పట్టిన ఆకాశమును నేను చూచు చూపే కొంత మారినది.

నేను కృష్ణాజిల్లా సముద్రతీరమున పెరిగినవాడను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచెత్తినపుడు నేను కళాశాలలో చదువుచుంటిని. వేలకొలది ప్రజలు కడలిపాలైరి. నాటినుండి మా ప్రాంతమున తుఫాను వార్తను చెవినిడనివారు లేరు. తరువాత నేను ఉపాధ్యాయుడనై ఆ తీరపు పాఠశాలలలోనే పనిచేసితిని. తుఫాను దినములలో పిల్లలు రేడియో చుట్టును మూగి వినుచుండెడివారు. “తుఫాను బలహీనపడి వాయుగుండముగా మారినది” అను మాట వినబడగనే అందరి మొగములును వికసించెడివి. ఒక యేడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మాత్రము నన్నిట్లడిగెను: “మాస్టారూ! బలహీనపడినదనియే చెప్పుచున్నారు గాని చచ్చిపోయినదని చెప్పుటలేదు. అటుపిమ్మట అది యెక్కడికి పోవునండీ?”

మంచి ప్రశ్న. దానికి తగిన సమాధానమును వెదకుచు పోగా నాకు పసిఫిక్ మహాసముద్రపు గాలివాన యొకదాని చరిత్ర లభించినది. అది 1962వ సంవత్సరము నాటిది. దాని మొదటి పేరు ఫ్రీడా.

పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగమున పుట్టు తుఫానును టైఫూను అందురు. అట్లాంటిక్ సముద్రమున పుట్టినచో హరికేను అందురు. మన బంగాళాఖాతమున పుట్టినచో తుఫాను అందుము. పేర్లు వేరైనను జాతి యొక్కటియే. ఇవి యన్నియు వెచ్చని సముద్రమునకు పుట్టిన బిడ్డలు. సముద్రజలపు పైపొరల వేడిమి సుమారు 26.5 సెల్సియస్ డిగ్రీలకు తగ్గకుండ నున్నపుడే ఇవి పుట్టి పెరుగును. ఆ వేడికి నీరు ఆవిరియై పైకెగయును. పైకి పోయి చల్లబడి మేఘమగునపుడు ఆవిరిలో దాగియున్న వేడిమి వెలువడును. ఉడుకుచున్న అన్నపుకుండ మూత తీయునపుడు చేతికి తగిలిన ఆవిరి చురుక్కుమని కాల్చుట మీ రెరుగుదురు. ఆవిరి తిరిగి నీరగుచు తనలోని వేడిమిని చేతికిచ్చుటయే అందులకు కారణము. అదే వేడిమి ఆకాశమున వెలువడినపుడు చుట్టునున్న గాలి తేలికయై ఇంకను పైకి పోవును. క్రింద వాయుపీడనము తగ్గును. ఆ లోటును పూరించుటకు నలుదెసలనుండి గాలి పరుగెత్తి వచ్చును. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే ఆ గాలి తిన్నగా రాలేక సుడి తిరుగును. ఉత్తరార్ధగోళమున ఆ సుడి గడియారపు ముండ్లకు ఎదురుదిశగా తిరుగును. అట్లు తిరుగు గాలి మరింత ఆవిరిని తెచ్చి అందించును. ఆవిరి మరింత వేడిమి నిచ్చును. ఇట్లు తుఫాను తన్ను తానే పోషించుకొనుచు పెరుగును.

ఫ్రీడాయును ఇట్లే పుట్టినది. 1962 సెప్టెంబరు నెలాఖరున పసిఫిక్ సముద్రమున, వేక్ దీవికి కొన్నివందల కిలోమీటర్ల దూరమున, మేఘములు గుమిగూడి ఒక అల్పపీడనముగా రూపొందెను. అక్టోబరు 3వ తేదీన అది తుఫానుగా బలపడగా ఫ్రీడా యని పేరిడిరి. ఆ దినముననే అది టైఫూను స్థాయిని అందుకొనెను. 5వ తేదీ నాటికి దాని గాలులు గంటకు 185 కిలోమీటర్ల వేగముతో వీచుచుండెను. అది దాని మొదటి జన్మమున నిండు యౌవనము. అయినను అది నడిసముద్రముననే తిరుగుచుండుటచే, ఓడలవారికి తప్ప దానితో నెవ్వరికిని పనిలేకుండెను.

అటుపిమ్మట ఫ్రీడా ఈశాన్యదిశగా సాగుచు చల్లని నీటిమీదికి ప్రవేశించెను. పొయ్యిలో కట్టెలు తగ్గినచో మంట తగ్గును గదా! వెచ్చని నీటి ఆవిరి కరవగుటచే ఫ్రీడా క్రమముగా క్షీణింపసాగెను. అక్టోబరు 9, 10 తేదీలనాటికి అది టైఫూను లక్షణములను కోల్పోయెను. నడుమ కన్నువలె నుండు ప్రశాంతస్థానము చెదరిపోయెను. గుండ్రని రూపు మారిపోయెను. టైఫూనుల లెక్కలో దాని జాతకము అంతటితో ముగిసినది.

మన తుఫానుల జాతకములును సాధారణముగా నిట్లే ముగియును. అవి తీరము దాటి నేలమీదికి వచ్చినంతనే సముద్రపు ఆవిరి దొరకక, కొండలచేతను చెట్లచేతను అడ్డగింపబడి, ఒకటి రెండు దినములలో అణగిపోవును. ఫ్రీడాకు మాత్రము నేల అడ్డము రాలేదు. దాని యెదుట చల్లని సముద్రమును, ఆ సముద్రముపై మరియొక విధమైన బలమును ఉండెను.

ఆ బల మెట్టిదో తెలిసికొనవలయును. ఉష్ణమండలపు వెచ్చని గాలియు, ధ్రువప్రాంతపు చల్లని గాలియు సమశీతోష్ణమండలమున ఎదురుపడును. ఎత్తైనచోటను పల్లమునను నీరున్నచో నడుమ ప్రవాహము పుట్టినట్లు, ఈ రెండు గాలుల తారతమ్యమునుండియు శక్తి పుట్టును. ఆ ప్రాంతముననే సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు వాయునది యొకటి మహావేగముతో పారుచుండును. దానిని జెట్ ప్రవాహ మందురు. క్షీణించిన గాలివాన యొకటి తనలోని వెచ్చని తేమగాలితో వచ్చి ఈ ప్రవాహము క్రింద సరియైన తావున చేరెనేని, పైనున్న ప్రవాహము క్రిందిగాలిని పొగగొట్టము పొగను లాగినట్లు పైకి లాగివేయును. క్రింద పీడనము హఠాత్తుగా పడిపోవును. అణగినదనుకొన్న గాలివాన మరల లేచును.

కాలిఫోర్నియా తీరమునకు ఆవల ఫ్రీడాకు జరిగినది ఇదియే. దాని రెండవ జన్మమున ఆహారము వేరు, ఆకారము వేరు, స్వభావము వేరు. మొదటి జన్మమున అది వెచ్చని నీటిని త్రాగి బ్రతికినది. రెండవ జన్మమున వేడిమికిని చలికిని గల భేదమును తిని బ్రతికినది. మొదట అది బొంగరమువలె గుండ్రముగా, బిగువుగా తిరిగెను. పిమ్మట విసరువలవలె విప్పారి వందలకొలది కిలోమీటర్ల మేర పరచుకొనెను. సముద్రమట్టమున వాయుపీడనము సామాన్యముగా 1013 మిల్లీబార్లు. దాని కేంద్రమున అది సుమారు 960 మిల్లీబార్లకు దిగిపోయెను.

అది 1962 అక్టోబరు 12వ తేదీ, శుక్రవారము. 1492వ సంవత్సరమున కొలంబస్ అమెరికా దీవులను చేరిన దినమది. అందుచే ఈ గాలివానకు అమెరికాలో కొలంబస్ దినపు గాలివాన యని రెండవ పేరు కలిగినది. రెండవ జన్మమునకు రెండవ పేరు! కెనడాలో మాత్రము ఫ్రీడా అను పాతపేరుతోడనే దానిని పిలుతురు.

మొదట కాలిఫోర్నియా ఉత్తరభాగమున కుండపోతగా వాన కురిసెను. సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరుగవలసిన బేస్‌బాల్ అంతిమపోటీలు ఆ వానచే కొన్నిదినములు నిలిచిపోయెను. పిమ్మట గాలివాన ఒక్కసారిగా ఉత్తరమునకు మరలెను. తీరమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున సముద్రముమీదనే యుండి, గంటకు ఇంచుమించు 65 కిలోమీటర్ల వేగముతో తీరము వెంబడి పరుగిడెను. ఈ త్రోవయే కొంప ముంచినది. సామాన్యముగా గాలివాన తీరమును ఒకచోట దాటును. అచ్చట నష్టము కలిగించి లోపలికి పోవును. ఇదియో, వీథి పొడవునను నడచుచు ప్రతి యింటి తలుపును తట్టినట్లు, కాలిఫోర్నియా మొదలుకొని ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రముల మీదుగా కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియా వరకును తీరము నంతటిని తాకుచు పోయెను. పైగా ఉత్తరమునకు పోవు గాలివానకు కుడివైపున, అనగా నేలవైపున, గాలులు దక్షిణమునుండి ఉత్తరమునకే వీచును. గాలి వేగమునకు గాలివాన నడక వేగమును తోడయ్యెను.

ఆరెగాన్ రాష్ట్రమున కార్వాలిస్ అను పట్టణము కలదు. అది సముద్రమునకు దూరముగా, లోపలి లోయలో నున్నది. అచ్చటి వాతావరణ పరిశీలనకేంద్రమున గాలి విసురు గంటకు 204 కిలోమీటర్ల వరకు నమోదైనది. ఆ పిమ్మట పరిశీలకులు కేంద్రమును విడిచిపోయిరి. పోర్ట్‌లండ్ నగరమున మారిసన్ వంతెనమీద గంటకు 187 కిలోమీటర్ల విసురు నమోదైనది. నడిసముద్రమున నిండు యౌవనములో నున్న టైఫూను గాలులు 185 కిలోమీటర్లని ముందు చెప్పితిని. నిలుకడగా వీచు గాలిని, ఒక్కక్షణపు విసురును ఒకే త్రాసున తూచరాదు. అయినను ఈ యంకెలను చూచినచో, చనిపోయినదనుకొన్న గాలివాన యెట్లు లేచి నిలిచినదో తెలియగలదు.

మాన్‌మత్ అను చిన్నపట్టణమున నాడు ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాల యుండెను. దాని పాతభవనమునకు ఎత్తైన గోపురము కలదు. ఆ సాయంకాలము గాలి తాకిడికి గోపురము పెకలి ఒరగిపోవుచుండగా, కళాశాల విద్యార్థి యొకడు ఛాయాచిత్రము తీసెను. గోపురము భవనమునుండి విడిపోయినది; ఇంకను నేలను తాకలేదు. ఆ నడిమి క్షణము చిత్రమున నిలిచిపోయినది. జీవితమంతయు బడిగోడల నడుమ గడపిన నాకు ఆ చిత్రమును చూచినపుడు గుండె ఝల్లుమన్నది. ఎన్ని తరముల ఉపాధ్యాయులు ఆ గోపురము నీడన చదువుకొని పోయియుందురో! రాతిని, ఇటుకను నమ్ముకొన్న మనుష్యునకు గాలి తన బలమును తెలుపు రీతి యది.

ఆ గాలివానలో 46 మంది మరణించిరి. ఇండ్ల కప్పులు ఎగిరిపోయెను. విద్యుత్తు నడపు ఉక్కుస్తంభములు కూలిపోగా పట్టణములు చీకటిలో మునిగెను. కొన్నితావుల వెలుగు మరల వచ్చుటకు వారములు పట్టినది. ఆరెగాన్ లోయలోని వాల్‌నట్ తోటలును, పండ్లతోటలును వేళ్లతో పెకలి పడెను. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకూలినపుడు మన రైతుల దుఃఖమును చూచినవారికి ఆ లోయరైతుల దుఃఖమును వేరుగా చెప్పనక్కరలేదు. పోయిన పంటను మరుసటియేట పండించుకొనవచ్చును. తండ్రి నాటిన చెట్టు కూలినచో కొడుకు దానిని మరల నాటి, ఫలము కొరకు సంవత్సరములకొలది వేచియుండవలయును.

అన్నిటికన్న పెద్దదెబ్బ అడవులకు తగిలినది. ఆ తీరమున డగ్లస్ ఫర్ మొదలగు మహావృక్షములు ఆకాశమును తాకునట్లు పెరుగును. అవి గడ్డిపరకలవలె వరుసలు వరుసలుగా పడిపోయెను. కలపను ఆ దేశమున బోర్డు అడుగులలో కొలుతురు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అంగుళము మందము గల పలక ఒక బోర్డు అడుగు. ఆ గాలివానకు కూలిన చెట్ల కలప 1,100 కోట్ల బోర్డు అడుగులకు పైబడినదని లెక్కించిరి. ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రములు రెండును కలిసి సంవత్సరమంతయు గొడ్డళ్లతోను రంపములతోను కొట్టు కలపకన్న గాలి ఒక్కపూటలో కూల్చిన కలప యెక్కువ.

సాయంకాలము గడచి రాత్రి యగుసరికి గాలివాన వాషింగ్టన్ తీరము దాటి, కెనడాలోని వాంకూవర్ ద్వీపమును తాకెను. వాంకూవర్ నగరపు స్టాన్లీ వనమున సుమారు 3,000 చెట్లు కూలెను. నేలను తాకిన పిదప దాని పీడనము మరల పెరిగెను; బలము సన్నగిల్లెను. వేక్ దీవి ప్రాంతమునుండి వేలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేసి, రెండు జన్మములెత్తిన ఆ గాలివాన ఇట్లు చల్లారిపోయెను.

అది పోయినను దాని ఫలము పోలేదు. కూలిన చెట్లను వెంటనే తీయకున్నచో పురుగు పట్టును. అట్లే జరిగి, బెరడు తొలుచు పురుగులు ఆ దుంగలలో పెరిగి, నిలిచియున్న పచ్చని చెట్లమీదను పడెను. దుంగలను త్వరగా అమ్మవలసి వచ్చెను. అన్ని దుంగలను కోయుటకు స్థానికపు మిల్లులు చాలలేదు. ఆ కాలమున జపాను దేశమునకు ఇండ్ల నిర్మాణమునకై కలప మిక్కిలి యవసరమై యుండెను. కావున దుంగలు ఓడలకెక్కి జపానుకు పోయెను. నాడు పెరిగిన ఆ వర్తకము తరువాత చాలకాలము సాగెను. పడమటినుండి సముద్రము దాటివచ్చిన గాలివాన కూల్చిన చెట్లు అదే సముద్రము దాటి పడమటికి పోవుట విధివిలాసమే!

ఫ్రీడా చరిత్ర శాస్త్రజ్ఞులకు గొప్పపాఠ మయ్యెను. లినట్, క్రేమర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆ గాలివాన నడచిన త్రోవను గంటగంటకును పరిశీలించి 1966లో విపులమైన వ్యాసము ప్రకటించిరి. 1962 నాటికి వాతావరణమును చూచు ఉపగ్రహములు పుట్టి రెండేండ్లే యైనది. మొదటిది 1960 ఏప్రిల్‌లో ఆకాశమున కెగసెను. నడిసముద్రపు సంగతులకు ఓడలవారు పంపు వార్తలే చాలవరకు దిక్కు. ఇప్పుడు ఉపగ్రహములు రేయింబగళ్లు కాపలా కాయుచున్నవి. టైఫూను రూపు మార్చుకొనుటను గణనయంత్రములు దినములకు ముందే లెక్కకట్టుచున్నవి. 2016 అక్టోబరులో సాంగ్డా అను టైఫూను శేషము ఆ తీరమునకే వచ్చుచున్నదని ముందుగా తెలిసి ప్రజలను హెచ్చరించిరి. అది అనుకొన్నంత బలముతో రాలేదు. హెచ్చరిక వృథా యైనదని కొందరు పెదవి విరిచిరి. కాని గొడుగు తీసికొని బయలుదేరిన దినమున వాన రాకున్నచో గొడుగును నిందింపరాదు.

విద్యార్థులారా! ఇదంతయు దూరదేశపు కథ యని తలపకుడు. మన బంగాళాఖాతపు తుఫానులు ఫ్రీడావలె చల్లని సముద్రమున రెండవ జన్మ మెత్తుట లేదు. మన సముద్రము చిన్నది, వెచ్చనిది. మూడువైపుల నేల కలది. అయినను ఆ కథలోని సారము మనకును వర్తించును. గాలులు గంటకు 62 కిలోమీటర్ల వేగమును చేరినపుడే మన సముద్రమున తుఫానునకు పేరిడుదురు. 2024 ఆగస్టు నెలాఖరున బంగాళాఖాతమున ఏర్పడిన వాయుగుండ మొకటి సెప్టెంబరు 1వ తేదీన కళింగపట్నము సమీపమున తీరము దాటినది. అది తుఫాను స్థాయిని చేరలేదు. కావున దానికి పేరే లేదు. కాని విజయవాడ ప్రాంతమున కుంభవృష్టి కురిసి, బుడమేరు గట్లు తెగి, నగరపు పేటలకు పేటలు దినములకొలది నీటిలో నిలిచెను. డాబాలమీదికెక్కి త్రాగునీటికై ఎదురుచూచిన ప్రజలకు, అది పేరుగల తుఫానా, పేరులేని వాయుగుండమా యను భేదముతో నేమి పని?

బలహీనపడినదనగా గాలి వేగము తగ్గినదనియే అర్థము. మేఘములోని నీరు తగ్గినదని కాదు. అలలు అణగినవని కాదు. కావున అట్టి వార్త విన్నపుడు సంతోషింపుడు. కాని వార్తను సగములో విడువక చివరివరకు వినుడు. గాలి యెంత, వాన యెంత, ఏ యేటికి వరద రాగలదు, వేటకు పోవచ్చునని చెప్పిరా లేదా యని విచారింపుడు. మీ యింట చదువురాని పెద్దలున్నచో వారికి విడమరచి చెప్పుడు. పడవలను కట్టిన త్రాళ్లను విప్పుటకు తొందరపడువారిని, పునరావాసకేంద్రము విడిచి మునుమాపే యిల్లు చేరగోరువారిని ఒక్క పూట ఆపగలిగినను మీ చదువు సార్థకమైనట్లే.

పేరు పెట్టుటయు, పేరు తీసివేయుటయు మనుష్యుల పని. ఆ పేరు తెలియక, మనము గీచిన గీతలు తెలియక గాలి తన త్రోవను తాను పోవును. దాని పేరును గాక దాని నడకను కనిపెట్టియుండుటయే తీరమున బ్రతుకువారి నేర్పు.